ఎక్కేటప్పుడు తీసెయ్, ఆగగానే వేసుకో

నవంబరు 24, విశాఖపట్నం

సాయంత్రం విజయవాడ నుంచి అక్క ఫోన్. జనవరిలో కూతుర్ని నాతో హిమాలయాల్లోని కేదార్‌కంఠకు పంపడానికి బావగారు సరేనన్నారట. ఆ వెంటనే ఇంకో మాట: "చలికి తట్టుకుంటుందా అని మీ బావగారికి ఒకటే బెంగ. అందుకే బందరు రోడ్డులో దొరికినవాటిలోకెల్లా మందమైంది కొనేశాం. అది తొడుక్కుంటే ఇంక మంచు ఏం చేస్తుందే!" ఫొటో కూడా పంపింది. మోకాళ్ళ దాకా దిగిన నల్లకోటు, లోపలంతా బొచ్చు. అందులో పిల్ల ముఖం వెలిగిపోతోంది.

కోటు మంచిదే. చలిరాత్రి స్టేషన్లో రైలు కోసం కూర్చునేవాళ్ళకు అంతకన్నా ఏం కావాలి? కొండెక్కడానికి మాత్రం పనికిరాదు. ఊరికే వద్దంటే అక్క మనసు నొచ్చుకుంటుంది. ఎందుకు వద్దో లెక్కతో చెప్పాలి.

కదలకుండా కూర్చున్న మనిషి ఒళ్ళు సుమారు 100 వాట్ల వేడి పుట్టిస్తుంది. అదే మనిషి వీపున సంచీతో ఏటవాలు ఎక్కుతుంటే ఆ వేడి అయిదారు రెట్లవుతుంది. బట్టల వెచ్చదనాన్ని కొలవడానికి 1941లో శరీరధర్మ శాస్త్రవేత్తలు 'క్లో' అనే కొలత పెట్టారు. 21 డిగ్రీల గదిలో కూర్చున్న మనిషికి చలీ ఉక్కా తెలియకుండా ఉంచే బట్టలు ఒక క్లో. మైనస్ 10 డిగ్రీల్లో ఊరికే నిలబడితే నాలుగు క్లోలకు పైనే కావాలి. అదే చలిలో బరువు మోస్తూ ఎక్కితే ఒక క్లో చుట్టుపక్కల చాలు. అంటే ఒకే రోజు, ఒకే కొండ మీద, ఒకే మనిషికి నడిచినంతసేపూ ఒక రకం బట్టలు కావాలి, ఆగిన మరుక్షణం ఇంకో రకం కావాలి. ఒక్క కోటు ఈ రెండు పనులూ ఎలా చేస్తుంది? నాలుగు పల్చటివి ఉంటే ఒకటి తీయొచ్చు, రెండు వేసుకోవచ్చు. పొరలు పొరలుగా వేసుకోవడంలో ఉన్న సంగతి ఇంతే.

బావగారి భయం వేరు. ఎండలో పుట్టి పెరిగిన ఒంటికి మంచు పడదని ఆయన నమ్మకం. ఆయనకు మాలావత్ పూర్ణ పేరు గుర్తు చేశాను. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల, గురుకులంలో చదువుకుంటూ భువనగిరి గుట్ట మీద మొదలుపెట్టి, డార్జిలింగ్‌లోనూ లద్దాఖ్‌లోనూ శిక్షణ తీసుకుని, 2014 మే 25న ఎవరెస్టు మీద నిలబడింది. అప్పటికి పద్నాలుగేళ్ళు నిండలేదు. ఆమె పెరిగింది కూడా మన ఎండలోనే. చలిలో ఎలా మెలగాలో నేర్పితే ఎవరైనా నేర్చుకుంటారు. బట్టలు ఎప్పుడు వేయాలి, ఎప్పుడు తీయాలి అన్నది ఆ నేర్పులో సగం.

నవంబరు 30

పిల్ల వచ్చింది. నేను పాఠాలు చెప్పే కాలేజీ నుంచి ఇద్దరమ్మాయిలు కూడా తోడయ్యారు. ముగ్గురినీ వెంటబెట్టుకుని బజారుకు వెళ్ళాను. చలికాలం రాగానే టిబెటన్ల స్వెట్టర్ల దుకాణాలు వెలుస్తాయి. ముందు అక్కడికి, తర్వాత ట్రెకింగ్ సామాను కొట్టుకు. కొనడం కోసం కన్నా ముట్టుకుని చూడడం కోసం.

ఒంటికి తగిలే పొర దగ్గరే గంటన్నర పట్టింది. పట్టాలి కూడా. మన దగ్గర నూలును మించిన బట్ట లేదు. అది చెమట తాగుతుంది, నెమ్మదిగా ఆరుతుంది, ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. మే నెలలో అది వరం. మంచులో ప్రాణం మీదికి తెచ్చేదీ ఆ గుణమే. ఒక లీటరు చెమట ఆవిరి కావాలంటే ఒంట్లోంచి దాదాపు 580 కిలో కేలరీల వేడి పోవాలి. పైగా నీరు గాలికన్నా పాతిక రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. తడిసిన బనియను ఒంటికి అతుక్కుందంటే, దాని మీద ఎంత ఖరీదైన జాకెట్ తొడిగినా, వేడి కారిపోయే దారి తెరిచే ఉంటుంది.

మామూలు గాలిలో నూలు తన బరువులో ఎనిమిది శాతం దాకా తేమ పట్టి ఉంచుకుంటుంది. పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. అందుకే చెమట దాని పోగులోకి ఇంకదు, పోగుల మధ్య సందుల వెంట పైకి పాకి, బయటి పొరకు చేరి ఆరిపోతుంది. ఉన్ని దారి వేరు. అది తన బరువులో మూడోవంతు దాకా తేమను పోగు లోపలికి లాక్కుంటుంది, అయినా చేతికి తడి తెలియదు. ఆ తేమను పీల్చుకునేటప్పుడు కాస్త వేడి కూడా పుట్టిస్తుంది. తడిసినా వెచ్చగా ఉంటుందని ఉన్నికి పేరు రావడానికి ఇదీ ఒక కారణం.

కాలేజీ అమ్మాయిల్లో ఒకరిది మహబూబ్‌నగర్. వాళ్ళ తాతకు గొర్రెల మంద ఉండేదట. "మేడం, తాత గొంగడి వానలో తడిసి బరువెక్కేది గానీ లోపల చలి ఉండేది కాదు" అంది. సరిగ్గా అదే. దక్కనీ గొర్రెల ముతక ఉన్ని వడికి, నేసి, చింతగింజల గంజి పట్టించిన నల్లగొంగడి, ముసురులో మంద వెంట తిరిగే కాపరికి ఇల్లంత ఆసరా. కురుమల ఇళ్ళలో తరతరాలుగా ఉన్న ఈ తెలివిని మన పిల్లలకు ఎవరూ పాఠంగా చెప్పలేదు. మెరినో గొర్రెల ఉన్ని థర్మల్స్ పొగిడే వాళ్ళందరూ ముందు ఆ గొంగడిని చేత్తో పట్టి చూడాలి. ముతక ఉన్ని ఒంటికి గుచ్చుకుంటుంది కాబట్టి లోపలి పొరకు పనికిరాదు. మెరినో పోగు 17 నుంచి 20 మైక్రాన్ల సన్నం కాబట్టి గుచ్చుకోదు. తేడా అక్కడే.

మెరినో ఖరీదెక్కువ. ముగ్గురికీ పాలిస్టర్ థర్మల్స్ రెండేసి జతలు తీసుకున్నాం. ఒకటి నడకకు, ఒకటి రాత్రికి. ఒంటిని అంటిపెట్టుకుని ఉండాలి గానీ బిగుతుగా ఉండకూడదు.

ఇంకో సంగతి ఆడపిల్లలకు ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెప్పాను. పైన ఎంత మంచి థర్మల్ వేసుకున్నా లోపల నూలు బ్రా ఉంటే అది గుండెల మీద తడిగుడ్డలా రోజంతా ఉండిపోతుంది. లోదుస్తులు కూడా త్వరగా ఆరే రకమే కావాలి. కాటన్ లెగ్గింగ్స్, జీన్స్ ససేమిరా వద్దు. కొట్టులో కుర్రాడు వింటున్నాడని పిల్లలు కాస్త సిగ్గుపడ్డారు. వినాల్సిన మాటే అది, అతనూ వినొచ్చు.

డిసెంబరు 8, పాడేరు

వనజంగి కొండ మీద తెల్లవారుజామున రిహార్సల్ చేశాం. మేఘాల మీద సూర్యోదయం చూడ్డానికి ఈ రోజుల్లో వందలమంది చీకట్లోనే ఎక్కుతున్నారు. మంచు పడదు గానీ నేర్చుకోవడానికి ఇక్కడి చలి చాలు. కింద గజగజలాడించే చలి, దారిలో చెమటలు పట్టే ఎక్కుడు, పైన ఒళ్ళు కోసే గాలి. నాకు కావలసినవన్నీ ఒకేచోట ఉన్నాయి.

అక్క కొన్న కోటును పిల్ల వెంట తెచ్చుకుంది. వేసుకోనిచ్చాను. పావుగంట నడిచేసరికి బుగ్గలు ఎర్రబడ్డాయి. "పిన్నీ, ఒకటే ఉక్క" అంది. "జిప్ తీయనా?" అని అడిగింది. నీ ఇష్టమన్నాను. చలేస్తుందని తీయలేదు. పైకి చేరేటప్పటికి వీపంతా తడి. గాలి కొట్టగానే పది నిమిషాల్లో పళ్ళు టకటకలాడాయి. కోటు ఒంటిమీదే ఉంది, అయినా వణుకు. అప్పుడు బండరాయి చాటుకు తీసుకెళ్ళి, తడి బనియను మార్పించి పొడి థర్మల్ వేయించి, మళ్ళీ అదే కోటు తొడిగించాను. అయిదు నిమిషాల్లో వణుకు ఆగింది. పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే అంది: "కోటు మారలేదు పిన్నీ, లోపలిదే మారింది." ఇంట్లో నేనెన్ని లెక్కలు చెప్పినా ఈ మాట ఆమె నోట వచ్చేది కాదు.

దిగేటప్పుడు సూత్రం పెట్టుకున్నాం. బయలుదేరేటప్పుడు కాస్త చలిగా ఉండాలి. మొదటి అడుగుకే వెచ్చగా ఉంటే ఎక్కువ వేసుకున్నట్టే. పది నిమిషాలు నడిచాక అందరూ ఒకసారి ఆగి, ఒక పొర తీయాలి. చెమట పట్టాక కాదు, పట్టకముందే. ఆగినప్పుడు వణుకు మొదలయ్యాక కాదు, సంచీ దించగానే పొర వేసుకోవాలి. ఒంట్లో వేడి ఉండగానే దాన్ని మూతపెట్టి దాచుకోవాలి. పోయాక తిరిగి పుట్టించడానికి చాలాసేపు పడుతుంది.

నడక వేగం కూడా బట్టల్లో భాగమే. ఒకరినొకరు దాటుకుంటూ పరుగులు తీసేవాళ్ళను ఏ బట్టా పొడిగా ఉంచలేదు.

డిసెంబరు 15, విశాఖ

ఆదివారం. రోజంతా పాత యాత్రల పుస్తకాలతోనే గడిచింది.

1911 జూన్ చివర్న విల్సన్, బవర్స్, చెర్రీ-గారార్డ్ అనే ముగ్గురు అంటార్కిటికా నడి చలికాలపు చీకటిలో ఎంపరర్ పెంగ్విన్ గుడ్ల కోసం కేప్ క్రోజియర్‌కు బయలుదేరారు. మైనస్ 60 డిగ్రీల చలి చూశారు. చెర్రీ-గారార్డ్ రాసింది చదువుతుంటే నన్ను ఆపేసేది చలి అంకె కాదు, చెమట సంగతి. బండ్లు లాగుతూ పట్టిన చెమట ఆవిరై పోయే దారిలేక బట్టల పొరల్లోనే గడ్డకట్టింది. గుడారంలోంచి బయటికి వచ్చి తలెత్తి చూసేలోపు కోటు బిగుసుకుపోయి, ఆ తలను మళ్ళీ దించడానికి వీల్లేకపోయిందట. గంటల తరబడి అలాగే బండి లాగాడు. ముగ్గురి పడకసంచులూ రోజురోజుకూ మంచుతో బరువెక్కాయి. అంత మందంగా కట్టుకున్నా, లోపలి తడి బయటికి పోయే దారి లేక అంత యాతన.

వీళ్ళకన్నా ముందే నార్వే యాత్రికుడు అముండ్సెన్ ఉత్తర కెనడాలో నెట్సిలిక్ జనంతో రెండు చలికాలాలు గడిపి, వాళ్ళ దగ్గర దుస్తుల విద్య నేర్చుకున్నాడు. లోపలి చర్మానికి బొచ్చు ఒంటివైపు, బయటి చర్మానికి బొచ్చు బయటివైపు, రెండూ వదులుగా, గాలి ఆడేటట్టు. ఆ దేశపు జనం దగ్గర తలవంచి నేర్చుకున్నవాడికి మంచు కూడా మన్నన చూపించింది అనిపిస్తుంది నాకు.

జార్జ్ ఫించ్ కథ ఇంకా ఇష్టం. రసాయన శాస్త్రజ్ఞుడు. 1922 ఎవరెస్టు యాత్రకు బెలూన్ గుడ్డలో ఈడర్ బాతు నూగు కుట్టించుకుని కోటు తెచ్చాడు. ఉన్ని, ట్వీడ్ వేసుకున్న తోటివాళ్ళు నవ్వారు. ఆ ఏడాదే ఆయన 8,300 మీటర్లు దాటి వెళ్ళాడు. ఇప్పుడు ప్రపంచమంతా వేసుకుంటున్న డౌన్ జాకెట్‌కు ముందుతరం ఆ కోటే. ఈయనే 1950ల్లో పూణేలోని జాతీయ రసాయన ప్రయోగశాలకు డైరెక్టరుగా పనిచేశాడు. మన సైన్సు విద్యార్థుల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? రేపు క్లాసులో చెప్పాలి.

1924లో ఎవరెస్టు మీద తప్పిపోయిన మాలరీ దేహం 1999 మే 1న 8,155 మీటర్ల ఎత్తున దొరికింది. ఒంటి మీద పట్టు, నూలు, ఉన్ని పల్చటి పొరలు అనేకం, అన్నిటిపైన గాబర్డీన్. అవే బట్టలు మళ్ళీ కుట్టించి 2006లో ఎవరెస్టు మీద వేసి చూశారు. తేలిగ్గా ఉన్నాయి, పట్టు పొరలు ఒకదానిమీద ఒకటి జారుతూ కదలికకు అడ్డురాలేదు. వాతావరణం బాగుండి కదులుతున్నంతసేపూ చాలేవే. కదలకుండా రాత్రంతా బయట కూర్చోవలసి వస్తే మాత్రం చాలవు. నేను నవంబరులో రాసుకున్న క్లోల లెక్క నూరేళ్ళ కిందటి ఒక మనిషి ఒంటిమీద కనిపిస్తున్నట్టుంది. మళ్ళీ ఆ పేజీ తిప్పి చదవలేకపోయాను.

డిసెంబరు 22

సంచీలు సర్దే రోజు. రెండో పొరకు పెద్ద చర్చ లేదు, ఫ్లీస్. 1979లో అమెరికాలో మాల్డెన్ మిల్స్ తయారు చేసిన పాలిస్టర్ బొచ్చుగుడ్డ ఇది. తేలిక, త్వరగా ఆరుతుంది, తడిసినా బొచ్చు అణగదు. గాలి మాత్రం దూసుకుపోతుంది. ఎక్కేటప్పుడు ఆ దోషమే మేలు, లోపలి ఆవిరి ఆగకుండా బయటికి పోతుంది. మందంగా ఒకటి కాకుండా పల్చగా ఒకటి, మధ్యరకం ఒకటి పెట్టించాను.

డౌన్ జాకెట్ నడకకు కాదు, ఆగినప్పుడు వేసుకోవడానికి. ఏకిన దూదితో కుట్టిన కొత్త పరుపు ఎందుకు వెచ్చగా ఉంటుందో, నాలుగేళ్ళకు అణిగిపోయాక ఎందుకు చల్లబడుతుందో అమ్మమ్మకు తెలుసు. డౌన్ కూడా అంతే, వెచ్చదనం ఈకల నూగులో లేదు, అది పొంగి పట్టి ఉంచిన గాలిలో ఉంది. తడిస్తే ముద్దయిపోతుంది. అందుకే దాన్ని చెమట ఒంటి మీద, వాన కింద వేయకూడదు. వాన భయం ఉన్నచోట సింథటిక్ నింపిన జాకెట్ నయం. బరువు కాస్త ఎక్కువైనా తడిసినా పూర్తిగా మోసం చేయదు. ఒక విషయం పిల్లలకు గట్టిగా చెప్పాను: ఈ జాకెట్ మిగతా అన్నిటి మీదా పట్టేంత పెద్దది కావాలి. ఆగిన ప్రతిసారీ గాలిలో షెల్ విప్పి, లోపల వేసుకుని, మళ్ళీ షెల్ తొడిగే ఓపిక ఎవరికీ ఉండదు. ఓపిక లేకపోతే వేసుకోరు.

షెల్ అంటే పైపొర. గాలిని, మంచును ఆపేది. 1969లో బాబ్ గోర్ అనే ఆయన టెఫ్లాన్ కడ్డీని ఒక్కసారిగా లాగితే అది తెగకుండా సాగి, కంటికి కనిపించని రంధ్రాల పొర అయింది. నీటిచుక్క పట్టనంత చిన్న రంధ్రాలు, ఆవిరి పోయేంత పెద్దవి. గోర్‌టెక్స్ అలా పుట్టింది. దీన్ని మహిమ అనుకునేవాళ్ళు ఉన్నారు. ఆ పొర తనంతట తాను చెమటను తోడదు. లోపల ఆవిరి ఒత్తిడి ఎక్కువ, బయట తక్కువ ఉంటేనే కదులుతుంది, అదీ ఒక హద్దు వరకే. పైగుడ్డ మీది నీరు జారే పూత అరిగిపోయి గుడ్డ తడిసిందంటే ఆ కదలిక కూడా మందగిస్తుంది. చంకల కింద జిప్‌లున్న షెల్ వెతకమని చెప్పింది అందుకే. మంచి జిప్ చేసే పని ఏ గుడ్డా చేయలేదు.

గాలి లెక్క: మైనస్ 10 డిగ్రీల్లో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి అది మైనస్ 20లా తగులుతుంది. 200 గ్రాముల విండ్‌చీటర్ ఒక్కోసారి రెండు స్వెట్టర్ల పెట్టు అయ్యేది ఇక్కడే.

అక్క కోటు ఇంట్లోనే ఉంటుంది. ఫోన్లో అక్కకు చెప్పాను. "నువ్వు పక్కనుంటే చాల్లే" అంది. ఆ మాట బరువు నాకు తెలుసు.

జనవరి 3, సాంక్రి

డెహ్రాడూన్ నుంచి ముస్సోరీ, పురోలా, మోరీ మీదుగా పొద్దున్నుంచి సాయంత్రం దాకా జీపు. దాదాపు 200 కిలోమీటర్లు. సాంక్రి వీధిలో జాకెట్లు, బూట్లలోకి మంచు దూరకుండా కట్టుకునే గెయిటర్స్, మంచు మీద జారకుండా బూట్లకు తొడిగే మైక్రోస్పైక్స్ అద్దెకిచ్చే కొట్లున్నాయి. డౌన్ జాకెట్లు ఇక్కడే తీసుకున్నాం. ఊళ్ళో పెద్దవాళ్ళు ఇంటి ఉన్ని కోట్లలో, ఉన్ని పైజామాల్లో నిప్పు చుట్టూ కూర్చున్నారు. మహబూబ్‌నగర్ అమ్మాయి ఒక ముసలాయన కోటు అంచు పట్టుకుని చూసి, "అచ్చం మా తాతదే" అంది. ఆయనకు తెలుగు రాదు, ఈమెకు గఢ్వాలీ రాదు. ఇద్దరూ గొర్రెల గురించే మాట్లాడుకున్నారని నాకు నమ్మకం.

జనవరి 4, జూడా కా తాలాబ్

2,800 మీటర్లు. పైన్, ఓక్ చెట్ల నడుమ గడ్డకట్టిన చెరువు. దారిలో పిల్లలు పొరల విద్యను ఆటలా పట్టుకున్నారు. మొదట టోపీ తీయడం, తర్వాత గ్లవ్స్, తర్వాత మెడ జిప్, చివరికి ఫ్లీస్. నీడ నుంచి ఎండలోకి వస్తే ఒకటి, చెట్లు దాటి గాలిలోకి వస్తే ఇంకొకటి. గైడు చూసి, "దీదీ, మీ పిల్లలు బట్టలు మార్చడానికే వచ్చారా!" అని మెచ్చుకుంటూనే, తనూ కోటు తీసి నడుముకు కట్టుకున్నాడు.

గుడారం చేరగానే తేనీరు తాగకముందే నడక బట్టలు మార్పించాను. పొడి థర్మల్, పొడి మేజోళ్ళు. ఆ రెండో జతను నడకలో ముట్టుకోకూడదు, ఏం జరిగినా సరే. తడి మేజోళ్ళు, గ్లవ్స్ ఒంటికీ ఫ్లీస్‌కూ మధ్య పెట్టుకుని పడుకుంటే పొద్దుటికి ఆరుతాయి. బయట వేలాడదీస్తే కర్రలవుతాయి.

జనవరి 5, బేస్ క్యాంపు

రాత్రి మైనస్ 9. వేళ్ళు మొద్దుబారి ఎక్కువ రాయలేను.

పాదాలు: రెండు మందపు మేజోళ్ళు ఇరికించి బూటు బిగిస్తే రక్తం ఆడదు, వేళ్ళు ఇంకా చల్లబడతాయి. సన్నంది ఒకటి, ఉన్నిది ఒకటి, బూటులో వేళ్ళు ఆడాలి.

చేతులు: పల్చటి గ్లవ్స్ మీద, నాలుగు వేళ్ళూ ఒకే గదిలో ఉండే పెద్ద మిట్టెన్స్. వేళ్ళు ఒకదాన్ని ఒకటి కాచుకుంటాయి.

తల: సగం వేడి తలలోంచే పోతుందని చిన్నప్పటి నుంచి వింటున్న మాట నిజం కాదు. ఒంటి విస్తీర్ణంలో తల పదో వంతే. అయితే చలికి చేతుల్లోలాగ తలలో రక్తనాళాలు అంతగా ముడుచుకోవు, కప్పకుండా వదిలితే అక్కడినుంచి వేడి పోతూనే ఉంటుంది. అందుకే అమ్మ ఇచ్చిన మంకీ క్యాప్‌కు విలువ ఉంది. తీయడానికీ వేయడానికీ అంతకన్నా సులువైన పొర లేదు.

జనవరి 6, సాంక్రి, రాత్రి

తెల్లవారుజామున మూడింటికి బయలుదేరాం. థర్మల్, పల్చటి ఫ్లీస్, విండ్‌చీటర్, అంతే. డౌన్ సంచీలో అన్నిటికన్నా పైన. మొదటి పదిహేను నిమిషాలు ముగ్గురికీ చలి. ఎవరూ గొణగలేదు, అది కాసేపే అని వనజంగిలోనే తెలుసు. చివరి ఏటవాలు కింద గాలి మొదలైంది. ఆలస్యం చేయకుండా, ఒకరి వెనక ఒకరు నిలబడి షెల్ తొడుక్కున్నాం.

శిఖరానికి కాస్త కింద, వేరే బృందంలోని ఒక కుర్రాడు రాయికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పెద్ద జాకెట్టే వేసుకున్నాడు. ఒళ్ళంతా వణుకు, మాట ముద్దగా వస్తోంది, జిప్ పట్టుకుని లాగలేకపోతున్నాడు. ఒంటి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కిందికి జారుతున్నప్పటి లక్షణాలవి. వణుకు ఆగిపోతే ఇంకా ప్రమాదం. అది తేరుకోవడం కాదు, ఒళ్ళు ఓడిపోవడం. మా గైడు అతని జాకెట్ విప్పి లోపల చెయ్యి పెట్టాడు. కాటన్ టీషర్టు, పిండితే నీళ్ళు కారేలా ఉంది. మేమంతా గాలికి అడ్డంగా గోడలా నిలబడ్డాం. టీషర్టు తీసేసి, నా రెండో థర్మల్ వేసి, నా డౌన్ కప్పాం. ఫ్లాస్కులో చక్కెర కలిపిన వేడినీళ్ళు గుక్కగుక్కగా తాగించాం. అరగంటకు తన పేరు సరిగ్గా చెప్పగలిగాడు. వాళ్ళ గైడు వెంటపెట్టుకుని కిందికి తీసుకెళ్ళాడు. సాయంత్రం సాంక్రిలో నడుస్తూ కనిపించాడు. కళ్ళు చెమర్చాయి నాకు. ఇరవై ఏళ్ళుంటాయేమో. లోపలి బనియను గురించి ఒక్కరు ముందే చెప్పి ఉంటే చాలు, అంత దూరం పోయేది కాదు.

ఆ తర్వాత శిఖరం. స్వర్గారోహిణి, బందర్‌పూంఛ్, కాలానాగ్, వరసగా తేటగా. ముగ్గురు పిల్లలూ సంచీలు దించగానే, నేను నోరు తెరవకముందే, డౌన్ జాకెట్లు తీసి తొడుక్కున్నారు. పిల్ల తన జాకెట్‌లో సగం నా భుజాల మీద కప్పింది.

జనవరి 12, విశాఖ

థర్మల్స్, ఫ్లీస్ ఉతికాను. సాఫ్ట్‌నర్ వేయలేదు, అది పోగుల సందులు మూసేసి చెమట పాకనివ్వదు. విండ్‌చీటర్ మీద నీళ్ళు జారడం తగ్గింది. పూత మళ్ళీ వేయాలి. డౌన్ సొంతంగా ఉన్నవాళ్ళు సంచీలో నొక్కి దాచకూడదు, హ్యాంగర్‌కు వేలాడదీయాలి.

అక్క ఫోన్లో మొత్తం కథ విని, కోటు ఏం చేద్దామే అంది. ఢిల్లీలో చదువుకునే బావగారి మేనల్లుడికి పంపమన్నాను. జనవరి రాత్రుళ్ళలో బస్సు కోసం నిలబడేవాడికి అది పనికొస్తుంది.

కాలేజీలో వచ్చే ఏటికి ఇప్పటికే పేర్లు ఇస్తున్నారు. వాళ్ళకు ఇచ్చే కాగితం ఈ రాత్రే రాసేశాను. కాటన్ బనియన్లు, జీన్స్ ఇంట్లోనే పెట్టి రండి. ఉన్న డబ్బుతో ముందు ఒంటికి తగిలే పొర రెండు జతలు, మంచి మేజోళ్ళు, రెండు జతల గ్లవ్స్ కొనుక్కోండి, ఆ తర్వాతే గాలిని ఆపే పైపొర. మందపు జాకెట్ కోసం అప్పు చేయొద్దు, అది సాంక్రిలో అద్దెకు దొరుకుతుంది.